జైడికో కచేరీకి మొదటిసారి వెళ్తున్నారా? ఇంట్లో పాట వినడం నుంచి డాన్స్ ఫ్లోర్ మీద అడుగు వెయ్యడం దాకా

హ్యూస్టన్‌లో ఒక చర్చి హాల్లో మొదటిసారి జైడికో అనే లూయిజియానా డాన్స్ సంగీతం విన్నప్పుడు నేను గంటసేపు గోడకి ఆనుకుని నిలబడ్డాను. చేతిలో నీళ్ల సీసా. స్టేజీ మీద ఒకాయన గాలితిత్తి నెడుతూ లాగుతూ అకార్డియన్ వాయిస్తున్నాడు. పక్కన ఇంకొకాయన ఛాతీకి రేకు తగిలించుకుని దాన్ని బరబరా గీకుతున్నాడు. అన్ని పాటలూ ఒకేలా ఉన్నాయేంటి అనుకుంటున్నాను. అప్పుడు డెబ్భై దాటిన ఒక పెద్దావిడ, కాళ్లకి కౌబాయ్ బూట్లతో, నా ముందుకొచ్చి నిలబడింది. "గోడ దానంతటదే నిలబడుతుందిలే, నువ్వు పట్టుకోనక్కర్లేదు" అని చెయ్యి చాపింది. రెండు పాటలయ్యేసరికి చెమటలు పట్టాయి, ఆమె బూటు నాలుగుసార్లు తొక్కాను. కానీ అప్పటిదాకా ఒకేలా వినిపించిన పాటలు వేరువేరుగా వినబడటం మొదలైంది. అంతసేపూ చెవులొగ్గి వింటున్నాను గానీ, ఈ సంగీతం లోపలికి వచ్చేది అరికాళ్ల గుండా.

హ్యూస్టన్‌లో, డాలస్‌లో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు. ఏళ్ల తరబడి అక్కడే ఉండి, ఒక్క జైడికో రాత్రి కూడా చూడకుండా ఇల్లు మారి వెళ్లిపోయినవాళ్లు నాకు బోలెడంతమంది తెలుసు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. అమెరికా చూడటానికి వచ్చే అమ్మానాన్నలకి న్యూ ఆర్లియన్స్ చూపిద్దామనుకునే వాళ్లకీ పనికొస్తుంది.

ముందు ఇది ఎవరి సంగీతమో తెలుసుకోండి

లూయిజియానా నైరుతి మూల వరి, చెరకు, పత్తి, చిలగడదుంప పండే నేల. అక్కడ ఫ్రెంచ్ మాట్లాడే నల్లజాతి కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. వాళ్లని క్రియోల్స్ అంటారు. శనివారం రాత్రి ఎవరో ఒకరి ఇంట్లో మంచాలూ కుర్చీలూ బయట పెట్టేసి, గది ఖాళీ చేసి, ఒక అకార్డియన్, ఒక ఫిడేల్, గీకడానికి బట్టలుతికే గాట్ల పలక పెట్టుకుని ఆడేవాళ్లు. ఆ ఇంటి డాన్సులకి 'లా-లా' అని పేరు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత దీంట్లోకి బ్లూస్ వచ్చింది, ఎలక్ట్రిక్ గిటార్ వచ్చింది, డ్రమ్స్ వచ్చాయి. అలా తయారైందే జైడికో.

పేరు వెనక కథ నాకు భలే ఇష్టం. ఫ్రెంచ్‌లో బీన్స్‌ని 'లే జారికో' అంటారు. పాత పాటల్లో 'లే జారికో సోన్ పా సలే' అనే మాట పదేపదే వస్తుంది. బీన్స్‌లో ఉప్పు లేదు అని అర్థం. అంటే బీన్స్‌లో వెయ్యడానికి ఉప్పువేసి ఎండబెట్టిన మాంసం ముక్క కూడా ఇంట్లో లేని రోజులన్నమాట. మనం 'పచ్చడి మెతుకులు' అంటామే, అలాంటి లేమి మాట. ఆ 'జారికో' నోళ్లలో నలిగి 'జైడికో' అయింది. ఇప్పుడు వాడే ఇంగ్లీషు స్పెల్లింగ్‌ని నిలబెట్టింది హ్యూస్టన్‌లో జానపద సంగీతం సేకరించిన మాక్ మెకార్మిక్ అని చెబుతారు. కాబట్టి హ్యూస్టన్‌కి దీంట్లో చిన్న వాటా కాదు.

దీన్ని కేజన్ సంగీతంతో కలిపెయ్యకండి. కేజన్‌లు 1755 నుంచి ఇప్పటి కెనడా తీరం నుంచి బ్రిటిష్‌వాళ్లు తరిమేసిన తెల్ల ఫ్రెంచ్‌వాళ్ల సంతతి. రెండు సంగీతాలూ పక్కపక్క ఇళ్లలో పెరిగాయి, పాటలు ఇచ్చిపుచ్చుకున్నాయి. అయితే కేజన్ బ్యాండ్‌లో ఫిడేల్ ముందుంటుంది, జైడికోలో రేకు ముందుంటుంది. క్రియోల్ బ్యాండ్ వాళ్ల దగ్గరికెళ్లి 'మీ కేజన్ మ్యూజిక్ చాలా బాగుంది' అంటే నవ్వి ఊరుకుంటారు గానీ, లోపల నొచ్చుకుంటారు.

ఆ పక్కపక్క ఇళ్ల మధ్య గోడ ఎంత ఎత్తుండేదో తెలియాలంటే అమెడే ఆర్డ్వాన్ గురించి ఒక్క మాట చెప్పాలి. నల్లజాతి క్రియోల్ అకార్డియన్ వాద్యకారుడు. 1929లో డెనిస్ మెగీ అనే తెల్ల ఫిడేలర్‌తో కలిసి రికార్డులిచ్చాడు. ఒక డాన్సులో చెమట తుడుచుకోమని తెల్లవాళ్ల ఆడపిల్ల చేతిరుమాలు ఇచ్చిందనే కోపంతో కొందరు దారి కాచి చావగొట్టారని అక్కడివాళ్లు చెబుతారు. ఆయన మళ్లీ మామూలు మనిషి కాలేదు. 1942లో పైన్‌విల్ మానసిక చికిత్సాలయంలో పోయాడు. ఈ రోజు జైడికో, కేజన్ రెండూ ఆయన పాటల మీదే నిలబడి ఉన్నాయి.

మొదటి అడుగు: వెళ్లే ముందు ఇంట్లో ఒక గంట

ఏమీ వినకుండా వెళ్తే నాకు లాగే అన్నీ ఒకేలా అనిపిస్తాయి. అలాగని పది ఆల్బమ్‌లు అక్కర్లేదు. నలుగురు చాలు.

మొదట క్లిఫ్టన్ షెనియర్. 1925లో ఓపలూసస్ ఊరి దగ్గర పుట్టాడు, 1987లో పోయాడు. అందరూ జైడికో రాజు అనేది ఈయన్నే. కిరీటం పెట్టుకునే వాయించేవాడు కూడా. 1984లో గ్రామీ వచ్చింది. 2025లో ఆయన శతజయంతికి వచ్చిన నివాళి ఆల్బమ్‌లో రోలింగ్ స్టోన్స్ కూడా పాడారు. ఈయన వాయించింది పియానో అకార్డియన్, అంటే కుడిచేతి వైపు మన హార్మోనియం లాంటి మెట్లుండేది. హార్మోనియంలోనూ అకార్డియన్‌లోనూ గాలికి కదిలి మోగేది లోపలి లోహపు రీడే. పద్యనాటకాలు విని పెరిగిన చెవికి ఆ నాదం కొత్తగా ఉండదు, దాని పరుగు మాత్రం కొత్త.

తర్వాత బూజూ చావిస్. 1954లో 'పేపర్ ఇన్ మై షూ' అనే పాట రికార్డు చేశాడు. డబ్బుల లెక్కలో మోసపోయాననిపించి దాదాపు ముప్ఫై ఏళ్లు ఈ రంగానికే దూరంగా ఉండి, గుర్రాలు పెంచుకున్నాడు. 1984లో మళ్లీ స్టేజీ ఎక్కాడు. ఈయనది బటన్ అకార్డియన్. దీంట్లో ఒక తమాషా ఉంది. ఒకే బటన్ నొక్కి పట్టుకుని, తిత్తి లోపలికి నెడితే ఒక స్వరం, బయటికి లాగితే ఇంకో స్వరం వస్తాయి. అందుకని వాయించేవాడు ఊరికే నెడుతూ లాగుతూ ఉండాల్సిందే. ఆ కుదుపు పాటలోకి వచ్చేస్తుంది. షెనియర్ పాట సాఫీగా జారితే, చావిస్ పాట ఎగుడుదిగుడు బాటలో బండిలా ఎగిరెగిరి పడుతుంది. ఈ తేడా ఒక్కటి పట్టుకుంటే సగం పని అయినట్టే.

మూడోది బక్‌వీట్ జైడికో పేరుతో వాయించిన స్టాన్లీ డ్యూరల్. షెనియర్ బ్యాండ్‌లో ఆర్గాన్ వాయించడానికి చేరినప్పుడు ఈయనకి అకార్డియన్ అంటే పెద్ద ఇష్టం లేదు, అది నాన్నల కాలం సంగీతం అనుకునేవాడు. మొదటి రాత్రి షెనియర్ గుడ్‌నైట్ చెప్పేసరికి, ఇప్పుడే కదా మొదలెట్టాం అనుకున్నాడట. అప్పటికి నాలుగు గంటలు వాయించారు. ఆ తర్వాత తనే అకార్డియన్ పట్టాడు.

నాలుగోది ఇప్పటివాళ్లలో మీకు నచ్చిన ఎవరైనా. నన్నడిగితే కోరీ లెడే. హ్యూస్టన్‌లో పుట్టి, పూర్వీకుల క్రియోల్ భాష నేర్చుకుని అందులో పాడుతున్నాడు. పాత పద్ధతి బటన్ అకార్డియన్ కావాలంటే జీనో డెలాఫోస్.

ఒక మాట ముందే చెబుతున్నా. ఫోన్ స్పీకర్లో వినొద్దు. బేస్ లేని జైడికో తాలింపు లేని పప్పు. కార్లో వినండి.

రెండో అడుగు: ఎక్కడికి వెళ్లాలి

హ్యూస్టన్ వాళ్లకి అన్నిటికన్నా దగ్గరి దారి క్యాథలిక్ చర్చి హాళ్లు. 1920లలో లూయిజియానా నుంచి పనుల కోసం వచ్చిన క్రియోల్ కుటుంబాలు ఫిఫ్త్ వార్డ్‌లో ఒక పేటే కట్టుకున్నాయి, దాన్ని ఫ్రెంచ్‌టౌన్ అనేవారు. వాళ్లతో పాటు డాన్సులూ వచ్చాయి, చర్చి నిధుల కోసం హాల్లో జైడికో పెట్టే అలవాటూ వచ్చింది. పిల్లలు, తాతలు, మామ్మలు అందరూ వస్తారు. కుటుంబంతో వెళ్లడానికి ఇంతకన్నా నెమ్మదైన చోటు లేదు. చర్చి అనగానే ప్రార్థనేమో, మనం వెళ్లొచ్చా లేదా అని మొహమాటపడకండి. టికెట్ కొనుక్కున్నవాళ్లంతా అతిథులే.

అసలు ఊరు చూడాలంటే లాఫయెట్ వెళ్లాలి. హ్యూస్టన్ నుంచి ఐ-10 మీద తూర్పుకి మూడున్నర గంటలు. అక్కడి నుంచి ఉత్తరానికి అరగంట వెళ్తే ఓపలూసస్, ప్రపంచ జైడికో రాజధాని అని తనకి తనే పేరు పెట్టుకున్న ఊరు. లాఫయెట్‌కి తూర్పున పావుగంట దూరంలో బ్రో బ్రిడ్జ్. అక్కడ శనివారం పొద్దున్నే జైడికో బ్రేక్‌ఫాస్ట్ పెట్టే అలవాటుంది. బక్ అండ్ జానీస్ అనే హోటల్ దీనికి పేరుపడింది. ఎనిమిదిన్నరకి కాఫీ కప్పు పక్కన పెట్టి డాన్సు చేసేవాళ్లని చూస్తే మొదట నవ్వొస్తుంది. తొమ్మిదిన్నరకి మీరూ అక్కడే ఉంటారు.

న్యూ ఆర్లియన్స్‌కే వెళ్తే రాక్ ఎన్ బౌల్. పేరులో ఉన్నట్టే అది బౌలింగ్ ఆడుకునే చోటు. ఒక పక్క బంతులు దొర్లుతుంటే ఇంకో పక్క బ్యాండ్ వాయిస్తుంటుంది. ఏళ్ల తరబడి గురువారం రాత్రి జైడికోకి కేటాయించారు. పర్యాటకులూ, ఏళ్లుగా ఆడుతున్నవాళ్లూ కలిసి ఉంటారు కాబట్టి కొత్తవాళ్లకి బెరుకుండదు. ఫ్రెంచ్ క్వార్టర్‌లో వీధి పక్క బార్లలో దొరికేది మాత్రం చాలాసార్లు పర్యాటకుల కోసం కలిపిన కాక్‌టెయిల్. దాని కోసం సాయంత్రం పాడు చేసుకోవద్దనే నా సలహా.

బే ఏరియాలో ఉన్నవాళ్లు కూడా నిరాశపడక్కర్లేదు. యుద్ధం రోజుల్లో, ఆ తర్వాతా ఓడరేవుల్లో పనికి కాలిఫోర్నియా వెళ్లిన క్రియోల్ కుటుంబాలు అక్కడా డాన్సులు నిలబెట్టాయి. 1983లో గ్రామీ అందుకున్న క్వీన్ ఐడా ఆ వలసలోంచి వచ్చినావిడే. బర్కలీలో అష్కనాజ్ అనే హాల్లో జైడికో రాత్రులు జరుగుతుంటాయి.

ఇక పండగలు. ఏప్రిల్ చివర్లో లాఫయెట్‌లో ఫెస్టివల్ ఇంటర్నేషనల్ జరుగుతుంది, 1987 నుంచి, ప్రవేశం ఉచితం. అక్టోబర్‌లో అదే ఊళ్లో జిరార్డ్ పార్క్‌లో ఫెస్టివల్స్ అకాడియన్స్ ఎ క్రియోల్స్. సెప్టెంబర్ మొదట్లో లేబర్ డే వారాంతానికి జరుగుతూ వచ్చిన జైడికో పండగ 1982లో ప్లేజాన్స్ అనే చిన్న ఊళ్లో పొలం మధ్య మొదలైంది. ఎండలు భయంకరంగా ఉండే రోజులవి. మన మే నెల గుర్తొస్తుంది.

మూడో అడుగు: ఫోన్ చేసి కనుక్కోండి

ఇది చిన్న విషయమే గానీ, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. జైడికో గురించిన పాత వ్యాసాలన్నిట్లో రిచర్డ్స్ క్లబ్, స్లిమ్స్ వై-కీ-కీ లాంటి హాళ్ల పేర్లుంటాయి. వాటిని నమ్ముకుని బయల్దేరకండి. ఆ తరం హాళ్లు చాలావరకు మూతబడ్డాయి. నేను ఒకసారి పాత వ్యాసం పట్టుకుని గంట డ్రైవ్ చేసి, తాళం వేసిన తలుపు ముందు ఫోటో దిగి వచ్చాను. హాలు పేరు కన్నా బ్యాండ్ పేరు వెంటపడటం మంచిది. బ్యాండ్ ఫేస్‌బుక్ పేజీలో ఈ వారం ఎక్కడో పెడతారు. లాఫయెట్ దగ్గరికి వచ్చాక కార్ రేడియో 88.7కి తిప్పండి, కేఆర్‌వీఎస్ అనే స్టేషన్. పాటలతో పాటు ఈ వారాంతం డాన్సులు ఎక్కడో కూడా తెలుస్తాయి.

నాలుగో అడుగు: కాళ్లకి ఏం వేసుకోవాలి

బట్టల సంగతి తేలిక. జీన్స్, చొక్కా చాలు. ఆడవాళ్లు మడమల దాకా పడే లంగాలు కాకుండా కాలు కదిలేవి వేసుకుంటే హాయి. అసలు సంగతి చెప్పుల్లో ఉంది. నేను మొదటిరోజు రన్నింగ్ షూస్ వేసుకెళ్లాను. రబ్బరు అడుగు చెక్క నేలని పట్టుకుంటుంది. ఒళ్లు తిరుగుతుంది, పాదం తిరగదు, మోకాలు మెలిపడుతుంది. మర్నాడు మెట్లు దిగలేకపోయాను. అడుగున తోలున్న బూట్లు వేసుకోండి. లేకపోతే ఆఫీసుకి వేసుకెళ్లే నున్నటి అడుగు బూట్లయినా సరే.

ఇంకో చొక్కా కార్లో పెట్టుకోండి. జేబులో చిన్న టవల్. తలుపు దగ్గర ఇవ్వడానికీ, బ్యాండ్‌కి టిప్ వెయ్యడానికీ నగదు. పిల్లలుంటే వాళ్ల చెవులకి హెడ్‌ఫోన్ లాంటి రక్షణ తప్పదు, పెద్దవాళ్లకి ఇయర్ ప్లగ్స్. సిగ్గుపడకండి, వాయించేవాళ్లే పెట్టుకుంటారు.

అయిదో అడుగు: ఒక్కొక్క వాద్యాన్నీ విడదీసి వినండి

హాల్లోకి వెళ్లగానే కుర్చీ వెతుక్కోవద్దు. స్టేజీకి ఒక పక్కగా, రేకు వాయించే మనిషికి పది అడుగుల దూరంలో నిలబడండి. సరిగ్గా స్పీకర్ ముందు మాత్రం వద్దు.

మొదటి పాట మొత్తం ఆ రేకునే చూడండి. దాని పేరు ఫ్రాత్వార్, మామూలుగా రబ్‌బోర్డ్ అంటారు. మన ఇళ్లమీద వేసే జింకు రేకు లాగే అలలు అలలుగా ఉండే స్టీలు రేకుని భుజాల మీద నుంచి పొట్ట దాకా కవచంలా వంచి చేస్తారు. పూర్వం బట్టలుతికే పలకని తాడుతో మెళ్లో కట్టుకునేవాళ్లు. 1946లో క్లిఫ్టన్ షెనియర్ టెక్సస్‌లోని పోర్ట్ ఆర్థర్‌లో నూనె శుద్ధి కర్మాగారంలో పనిచేస్తున్నప్పుడు, విల్లీ లాండ్రీ అనే లోహపు పనివాడికి మట్టిలో బొమ్మ గీసి, ఇలా భుజాలకి తగిలేలా చేసిపెట్టమన్నాడు. తయారైన దాన్ని అన్న క్లీవ్‌లాండ్ షెనియర్ తొడుక్కుని జీవితాంతం వాయించాడు. ప్రపంచంలో చాలా వాద్యాలు ఎవరు చేశారో ఎప్పుడు చేశారో తెలియదు. దీనికి ఊరూ, సంవత్సరమూ, పనివాడి పేరూ అన్నీ ఉన్నాయి.

వాయించేది రెండు చేతుల్లో సీసా మూతలు తీసే ఓపెనర్లతోనో, చెంచాలతోనో. దగ్గరగా చూస్తే తెలుస్తుంది, చెయ్యి కిందకి వెళ్లేటప్పుడు ఒక శబ్దం, పైకి వచ్చేటప్పుడు ఇంకొకటి. పొట్ట దగ్గర గీస్తే బరువుగా, భుజం దగ్గర తేలిగ్గా మోగుతుంది. కొందరు మధ్యమధ్య రేకు అంచుని టక్కున కొడతారు. పాత రేకులైతే గీతలు అరిగి మెరుస్తుంటాయి. ఒక మనిషి నాలుగు గంటలపాటు తన ఒంటిమీదే గీసుకుంటూ తాళం నిలబెట్టడం చూస్తూ ఉండిపోవచ్చు.

రెండో పాటకి డ్రమ్స్ మీదకి మనసు మళ్లించండి. కాలితో కొట్టే పెద్ద డ్రమ్ ఉందే, అది గుండెల్లో తగులుతుంది. పాత షెనియర్ పద్ధతిలో అది సాఫీగా నడుస్తుంది. 1990లలో బో జాక్ లాంటి వాద్యకారులు వచ్చాక ఆ దెబ్బ బరువెక్కింది. జంట దెబ్బలు పడతాయి, మధ్యలో ఒక ఖాళీ వస్తుంది. ఆ ఖాళీలోనే నాట్యం చేసేవాళ్ల మోకాళ్లు వంగుతాయి. ఆ క్షణం దొరికేదాకా ఆగండి.

మూడో పాటకి అకార్డియన్ వినండి. ఇప్పుడు కుడిచేతి వేళ్లు చూడొద్దు, తిత్తిని చూడండి. పాట మధ్యలో మాటలాపేసి ఒకే చిన్న ముక్కని పదిసార్లు, ఇరవైసార్లు తిప్పితిప్పి వాయిస్తారు. రికార్డులో ఇదే విసుగనిపిస్తుంది. భజన చివర్లో నామం వేగం అందుకుని తిరుగుతుంటే ఆపబుద్ధి కాదే, ఇక్కడా అంతే. వాయించేవాడు జనం కాళ్లు చూసి ఎంతసేపు తిప్పాలో తేల్చుకుంటాడు. ఫ్లోర్ నిండా ఉంటే పాట పది నిమిషాలు, ఖాళీగా ఉంటే మూడు నిమిషాలు. ఆ లెక్క వాళ్లెవరూ బయటికి చెప్పరు గానీ, గడియారం పెట్టి చూడండి.

ఆరో అడుగు: అడుగే

మన పిల్లలకి తాళం ఎలా చెబుతామో అలా చెబుతాను. నోటితో 'తాం, త క' అనండి. తాం దగ్గర రెండు మాత్రలు, త ఒకటి, క ఒకటి. మొత్తం నాలుగు. 'తాం, త క, తాం, త క' అంటే ఎనిమిది. జైడికో అడుగు ఇంతే.

ఇప్పుడు కాళ్లు. ముందుండి నడిపేవాళ్లు తాం దగ్గర ఎడమ పాదం వెయ్యాలి, త దగ్గర కుడి, క దగ్గర ఎడమ. రెండో విడత తాం కుడి, త ఎడమ, క కుడి. ఎదుటివాళ్లు దీనికి అద్దంలో బొమ్మ, కుడితో మొదలెడతారు. వంటింట్లో ఒకసారి ప్రయత్నించి చూడండి, అయిదు నిమిషాల్లో వచ్చేస్తుంది. అయితే చూసేవాళ్లకి అది ఇంకా జైడికోలా ఉండదు. ఎందుకంటే మనం ఎగురుతాం.

తేడా ఇక్కడుంది. మన సినిమా డాన్సుల అలవాటుకి ఒళ్లు పైకి లేస్తుంది. జైడికోలో బరువంతా కిందకి దిగాలి. మోకాళ్లు కొంచెం వదులు చేసి, తాం అన్నప్పుడు నేలలోకి దిగబడ్డట్టు కూర్చోవాలి. అడుగులు చాలా చిన్నవి, నేల మీద ఒక టైలు దాటకూడదు. భుజాలు కదలవు. బాగా చేసే జంటని నడుం పైభాగం వరకే చూస్తే బస్‌స్టాప్‌లో నిలబడి మాట్లాడుకుంటున్నట్టుంటారు. కింద చూస్తే పాదాలు మరిగే నీళ్లలా ఉంటాయి.

మధ్యలో మూడు మాత్రల పాట వస్తుంది, వాల్ట్జ్. 'తకిట తకిట' నడక. ఊపిరి తీసుకోవడానికి దేవుడిచ్చిన అవకాశం అది, వదులుకోకండి. వయసైన తండ్రీ, నడివయసు కూతురూ వాల్ట్జ్‌కి మాత్రమే లేవడం నేను చాలాసార్లు చూశాను.

చాలాచోట్ల బ్యాండ్ మొదలవడానికి ముందు అరగంట ఉచితంగా నేర్పుతారు. సిగ్గుపడకుండా దానికి వెళ్లండి. అక్కడ మీతో పాటు తప్పులు చేసినవాళ్లే రాత్రంతా మీకు తోడు.

ఏడో అడుగు: పిలవడం, వెళ్లడం

మనవాళ్లకి అసలు టెన్షన్ ఇక్కడే. ముక్కూమొహం తెలియని మనిషి వచ్చి చెయ్యి పట్టుకుని ఆడదాం అంటే ఏమనుకోవాలి? ఏమీ అనుకోనక్కర్లేదు. ఇక్కడ ఒక పాటకి పిలవడం అంటే ఒక పాటకే. పాట అవగానే థాంక్స్ చెప్పి ఎవరి దారిన వాళ్లు. ఆడవాళ్లు మగవాళ్లని పిలుస్తారు, ఆడవాళ్లు ఆడవాళ్లతో ఆడతారు, మనవలు అమ్మమ్మలతో ఆడతారు. భార్యాభర్తలు కలిసి వస్తే పక్కనున్న మనిషిని ఒక చూపు చూసి, 'మీ ఆవిడతో ఒక పాట' అని అడగడం మర్యాద. ఇష్టం లేకపోతే 'ఈ పాట కాదు' అంటే చాలు, కారణం చెప్పక్కర్లేదు. కాకపోతే ఒకరికి కాదని చెప్పి అదే పాటకి ఇంకొకరితో లేవడం బాగోదు.

'నాకు రాదు' అని ముందే చెప్పెయ్యండి. ఆ మాట వినగానే వాళ్ల మొహం వెలిగిపోతుంది. నేర్పడం వాళ్లకి సరదా. ఒక్క మనవి, ఫోన్ పైకెత్తి వీడియో తీస్తూ ఫ్లోర్ మధ్యలో నిలబడొద్దు. తియ్యాలనుకుంటే అంచున నిలబడి ఒక పాట తీసి జేబులో పెట్టుకోండి.

ఎనిమిదో అడుగు: తిండి

అన్నం తినే నేల అది. లాఫయెట్ వెళ్లే దారిలోనే క్రౌలీ వస్తుంది, అమెరికా వరి రాజధాని అని చెప్పుకునే ఊరు. ఐ-10కి అటూ ఇటూ నీళ్లు నిలిచిన మళ్లు చూసి మా అమ్మ "ఇది గోదావరి జిల్లానే కదరా" అంది. ఆ మళ్లలోనే రొయ్యల్లాంటి క్రాఫిష్ కూడా పెంచుతారు. గంబో అనే పులుసుకి ఆ పేరు బెండకాయకి ఉన్న ఆఫ్రికన్ పేరు నుంచి వచ్చిందంటారు. అన్నంలో పోసుకుని తింటారు. బూడాన్ అంటే అన్నం, పంది మాంసం కలిపి కూరిన సాసేజ్. పెట్రోల్ బంకుల్లో కూడా వేడిగా దొరుకుతుంది.

శాకాహారులు జాగ్రత్త. రెడ్ బీన్స్ అండ్ రైస్ అని మెనూలో చూసి రాజ్మా అన్నం అనుకుంటే దెబ్బతింటారు, చాలాచోట్ల అందులో సాసేజ్ ముక్కలుంటాయి. బెండకాయ గంబోలోనూ మాంసమో రొయ్యలో ఉంటాయి. అడిగి తినండి. చర్చి హాళ్లకి వెళ్లేటప్పుడు మా ఇంట్లో అయితే కార్లో పులిహోర డబ్బా తప్పనిసరి. ఒకసారి పక్క టేబుల్ వాళ్లకి పెడితే, ప్లేటు బూడాన్‌తో తిరిగొచ్చింది.

ఇంకొంచెం ధైర్యం వచ్చాక: ట్రెయిల్ రైడ్

క్రియోల్ పల్లెల్లో గుర్రపు స్వారీ సంఘాలు చాలా ఉన్నాయి. వారాంతాల్లో వందల గుర్రాలు, వెనక జనాన్ని ఎక్కించుకున్న బళ్లు, పెద్ద స్పీకర్లలో జైడికో పెట్టుకుని పల్లె రోడ్ల మీద మైళ్లకొద్దీ ఊరేగుతారు. సాయంత్రానికి ఒక మైదానం చేరి, అక్కడ బ్యాండ్. అమెరికా కౌబాయ్ అంటే సినిమాల్లో చూసిన తెల్ల మనిషే గుర్తొచ్చే మనకి ఆ దృశ్యం కళ్లు తెరిపిస్తుంది. మొదటిసారే వెళ్లమని నేను చెప్పను. రెండు మూడు డాన్సులకి వెళ్లి, అక్కడ పరిచయమైనవాళ్లు రమ్మంటే అప్పుడు వెళ్లండి. టోపీ, నీళ్లు, దుమ్ముకి అడ్డం పెట్టుకోవడానికి రుమాలు మర్చిపోవద్దు.

ఒక వారాంతం ఎలా కుదుర్చుకోవాలి

శుక్రవారం ఆఫీసు కాగానే హ్యూస్టన్ నుంచి బయల్దేరి రాత్రికి లాఫయెట్‌లో పడుకోండి. శనివారం ఏడున్నరకల్లా బ్రో బ్రిడ్జ్‌లో క్యూలో ఉండండి, ఎనిమిది దాటితే కుర్చీ దొరకడం కష్టం. పదకొండుకి బయటపడి ఓపలూసస్ వైపు వెళ్లండి. అక్కడ సెయింట్ లాండ్రీ పర్యాటక కేంద్రం దగ్గర అమెడే ఆర్డ్వాన్ విగ్రహం ఉంది, 2018లో పెట్టారు. పైన్‌విల్‌లో గుర్తుపట్టలేని సమాధిలో కలిసిపోయిన మనిషి అలా సొంత ప్రాంతానికి తిరిగొచ్చాడు. అక్కడ అయిదు నిమిషాలు ఆగండి. మధ్యాహ్నం హోటల్‌కొచ్చి తప్పకుండా నిద్రపోండి. రాత్రి తొమ్మిదికి డాన్స్.

తిరిగొచ్చేటప్పుడు రేడియో పెట్టుకుందామని చెయ్యి చాపాను ఆ మొదటిసారి. మా ఆవిడ "ఉండనివ్వండి, ఇంకా వినిపిస్తోంది" అంది. నిజమే. చెవుల్లో ఇంకా రేకు గీస్తూనే ఉంది. బ్రేక్ మీదున్న పాదం 'తాం, త క' అంటోంది.